మూడు వైపుల నీళ్ళు

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయంటే మా యింట్లో రెండు కార్యక్రమాలు మొదలవుతాయి. ఒకటి, ఆయుధపూజకు ముందుగా ఇల్లంతా దులిపి కడగడం. రెండోది, సెలవులకు ఎక్కడికి వెళ్ళాలా అని తర్జనభర్జన పడడం. మొదటిది ఏటా పూర్తవుతుంది. రెండోది ఏటా తర్జనభర్జన దగ్గరే ఆగిపోతుంది. ఆ తరువాత ఎవరింటికో ఒక పూట భోజనానికి వెళ్ళి, దాన్నే ప్రయాణమనుకొని తృప్తి పడుతుంటాము.

2024 లో మాత్రం అలా ఆగడానికి వీల్లేకపోయింది. మా అమ్మాయికి పుణేలో వుద్యోగం వచ్చింది. దీపావళి వెళ్ళగానే చేరాలి. ఇకమీదట ఆ పిల్ల మా యింటికి రావడమే సెలవుల మీద. అందరం కలిసి బయలుదేరడం ఇదే ఆఖరుసారి కావచ్చునని ఎవరూ పైకి అనలేదు. అయితే ఆగస్టు మొదటి వారంలోనే మా శ్రీమతి కాగితం, కలం తీసుకొని కూర్చున్నదంటే కారణం అదేనని అందరికీ తెలుసు.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. ఏ దేశమో తెలియదు. నీలంగా ఒక పెద్ద సరస్సు. దాని మధ్యకు నాలుకలా చాచుకొని వున్న నేల. ఆ నేల కొసన ఎర్రటాకుల చెట్టు, చెట్టు కింద ఒక చిన్న ఇల్లు.

"నాన్నా! ఇలాంటి చోటికి పోదాం. మూడు వైపులా నీళ్ళుండాల. ద్వీపకల్పం!" అన్నాడు.

"మనం వుండేది ద్వీపకల్పంలోనే కదరా! దక్కన్ ద్వీపకల్పం," అన్నాను నేను.

"మరి నీళ్ళేవి?" అన్నాడు వాడు.

అనంతపురంలో కాపురముండేవాడెవడూ ఈ ప్రశ్నకు చటుక్కున జవాబు చెప్పలేడు. మూడు సముద్రాల నడుమ వుండీ మూడింటికీ కాకుండా పోయిన గడ్డ మాది. నైరుతి నుంచి వచ్చే మబ్బులు పడమటి కనుమలకే తమ బరువంతా దించుకొని, మా మీదుగా వట్టి చేతులతో పోతాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి కోస్తా దగ్గరే సగం ఖాళీ అవుతాయి. ఏడాది పొడుగునా కురిసేదంతా కలిపితే సగటున 550 మిల్లీమీటర్లు. అదీ సగటు లెక్క. సగటు వాన పుస్తకంలో కురుస్తుంది, చేలో కురవదు అంటారు మా నాయన.

మా నాయనకు డెబ్బయ్యెనిమిదేళ్ళు. పల్లెలో వ్యవసాయం చాలించి మా దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. మోకాళ్ళు సహకరించవు. కొడైకెనాలంటే ఆయన కొండ ఎక్కలేరు. శ్రీశైలమంటే ఘాటు రోడ్డు మలుపులు పడవు. ఆయనను వదిలి వెళ్ళడమనేది మా శ్రీమతి కాగితం మీదికే రాలేదు. లెక్కలు వేసినకొద్దీ ఒక్కొక్క వూరూ కొట్టివేతకు గురై, చివరికి కాగితం మీద కొట్టివేతలే మిగిలాయి.

ఇదంతా వింటూ వరండాలో కూర్చున్న మా నాయన అక్కడినుంచే అన్నారు: "నీళ్ళు సూసేదానికి పోయేదేందప్పా? నీళ్ళు తెచ్చుకునేదానికి పోతారు గానీ!"

కొంచెం ఆగి, "అంతగా సూడల్లనుకుంటే ముసలమ్మ కట్ట మీదికి పోయి రాండి. ఖర్చుండదు," అన్నారు.

ముసలమ్మ కట్ట అంటే మా వూరి పెద్ద చెరువు కట్ట. ఈ వూరు పుట్టిందే ఆ చెరువు వల్ల. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతంలో పండమేరు వాగుకు అడ్డంగా ఈ కట్ట వేయించాడనీ, కట్టకు ఒక కొసన రాజు పేర బుక్కరాయసముద్రమూ, మరో కొసన అనంతసాగరమూ వెలిశాయనీ చెబుతారు. ఆ అనంతసాగరమే పెరిగి అనంతపురమయింది. ఒకప్పుడు కట్టకు గండి పడబోతే వూరి కోసం ముసలమ్మ అనే కోడలు తన ప్రాణమిచ్చిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు పందొమ్మిదవ శతాబ్దం చివర ఆ కథనే తీసుకొని 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాశారు. నేనేమో ఏటా ఆ కావ్యాన్ని గురించి తరగతిలో చెప్పడమే గాని, నీళ్ళున్నప్పుడు ఆ కట్ట మీద తీరుబడిగా కూర్చున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఆ సాయంత్రం పిల్లలను తీసుకొని కట్ట మీదికి వెళ్ళాను. అబ్బాయి ఒక కొస నుంచి మరో కొసకు చూసి పెదవి విరిచాడు.

"ఇందులో ద్వీపకల్పమే లేదు. గిన్నెలో నీళ్ళు పోసినట్టుంది," అన్నాడు.

వాడు ఎగతాళికన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిజమే. రాయలసీమలో పాత చెరువులు ఎన్నో చూశాను. కట్ట ఒక వైపు, కొండలు రెండు వైపులా, నడుమ నీళ్ళు. చెరువు మధ్యకు నేల చొచ్చుకొని వచ్చిన దాఖలాలు తక్కువ. ఎందుకని? ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే ఎప్పుడో చదివి మరచిపోయిన శాసనం మళ్ళీ చేతికి దొరికింది.

కడప సీమలో పోరుమామిళ్ళ అనే వూరుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడనే రాకుమారుడు అక్కడ ఒక పెద్ద చెరువు కట్టించి, 1369 లో సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క రాసి వుంది. అంతటితో ఆగక, మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలనూ, వుండకూడని ఆరు దోషాలనూ కూడా రాతి మీద చెక్కించాడు. అంగాలలో మొట్టమొదటిది ధర్మం తెలిసిన ప్రభువు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తరువాత గట్టి నేల, తియ్యని నీళ్ళున్న ఏరు, ఏటిని ఒరుసుకొని వున్న కొండలు, వాటి నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతి కట్ట - ఇలా సాగుతుంది ఆ వరస.

దోషాలు ఆరు. కట్టలోంచి నీరు కారడం ఒకటి. చవుడు నేల రెండు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువుండడం మూడు. చెరువు నడుమ తాబేలు వీపులా మిట్ట లేచి వుండడం నాలుగు. నీళ్ళు కొద్ది, పొలం జాస్తి కావడం అయిదు. నీళ్ళు జాస్తి, పొలం కొద్ది కావడం ఆరు.

నాలుగో దోషం దగ్గర నా వేలు ఆగిపోయింది. సెలవులకు వెళ్ళేవాడు దేన్ని వెతుక్కుంటూ వెళతాడో, చెరువు కట్టేవాడు దాన్నే దోషమన్నాడు! నీళ్ళలో లేచిన నేల మనకు అందం. అతనికి ఆ మేరకు నీళ్ళు తక్కువ. అంచేత చెరువుకు చోటు ఎంచుకొనేటప్పుడే అలాంటి మిట్టలున్న తావును వదిలేసేవారన్న మాట.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. మా నాయన ఆశ్చర్యపోలేదు.

"దానికి శాసనం యాల? మన వూరి సెరువులో తిప్ప లేదా? దాని మీద గంగమ్మ రాయి లేదా? గంగమ్మ మునిగితే ఆ యేడు వరి. పాదాలు తడిస్తే రాగి. తిప్ప పొడిగా వుంటే బళ్ళారికి మూట కట్టుకోవాల. మా జేజినాయన కాలం నుంచీ అదే లెక్క," అన్నారు.

తరువాత ఎవరూ అడగకుండానే, "1952 కరువులో ఆ తిప్ప మీద పిల్లోళ్ళం గోలీలాడినాం. నాకు ఆరేండ్లు. పొద్దున గంజి కేంద్రంలో గంజి తాగేది, పగలంతా సెరువులో ఆడేది," అన్నారు.

చెరువు అడుగున గోలీలాడిన మనిషికి, నీళ్ళు చూడడానికి డబ్బు ఖర్చుపెట్టి వెళ్ళడం వింతగా తోచడంలో వింతేమీ లేదు.

అయినా పిల్లల పట్టుదల వదలలేదు. అమ్మాయి జిల్లా పటం ముందేసుకొంది. పాత చెరువుల్లో లేకపోతే కొత్త జలాశయాల్లో వెతుకుదామంది. ఆలోచిస్తే అదీ సబబే. చెరువు కట్టినవాడు గిన్నెలాంటి చోటును ఎంచుకొన్నాడు. ఈ కాలపు ఇంజనీరు ఏటికి అడ్డంగా ఆనకట్ట కడితే, నీరు వెనక్కి ఎక్కి ఎక్కి పల్లాలన్నిటినీ పట్టుకొంటుంది. గుట్టలు దీవులవుతాయి. మిట్ట చేలు ద్వీపకల్పాలవుతాయి. పటంలో అలాంటి జలాశయం చేతివేళ్ళు చాచినట్టు కనిపిస్తుంది.

మా వైపు అలాంటివి మూడు ముఖ్యమైనవి. చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర ఒకటి. పెన్న మీద రెండు - పెనకచెర్ల దగ్గర మిడ్ పెన్నార్, దానికి ఎగువన పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. ఈ కడపటిదానికి మా వూరి నుంచి బళ్ళారి రోడ్డున కూడేరు మీదుగా పోవచ్చు. సమీపంలోనే పెన్న ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి ఆలయముంది. ఆ గుడి మా వూరికి సుమారు 40 కిలోమీటర్లు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మోకాళ్ళ నొప్పులవారు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు.

"గుడి కూడా వుందంటున్నారు గదా మామా, మీరూ రండి," అంది మా శ్రీమతి. గుడి అనేసరికి ఆయన నోటికి తాళం పడింది. ప్రయాణం ఖాయమయింది.

ఖాయమయిందనుకొన్నాము గాని, ఆ వారంలోనే ఇంకొక సంగతి జరిగింది.

పెన్నహోబిలం జలాశయం పేరుకు పెన్న మీద వుంది. పెన్న నంది కొండల వైపు పుట్టి, హిందూపురం దగ్గర మా సీమలో అడుగుపెడుతుంది. అడుగుపెట్టేది చాలా ఏళ్ళు ఇసుకే. అంచేత ఈ పదకొండు టి.యం.సి.ల జలాశయానికి ముఖ్యాధారం పెన్న కాదు, తుంగభద్ర. హోస్పేట దగ్గరి డ్యాం నుంచి ఎగువ కాలువ బళ్ళారి సీమ మీదుగా వచ్చి దీన్ని నింపుతుంది. అనంతపురం కుళాయిల్లోకి వచ్చే నీళ్ళలో ఈ జలాశయపు నీళ్ళున్నాయి. మేము చూడబోయేది మా బిందెలో వున్నదాన్నే.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ తుంగభద్ర డ్యాములో, 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాము నిండుగా వున్న సమయం. పొద్దున్నే ఆ వార్త వినగానే మా వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. గేటు బిగించాలంటే నీటిమట్టం దించాలి. మట్టం దించాలంటే పదుల టి.యం.సి.ల నీళ్ళు నదికి వదలాలి. అన్ని నీళ్ళు పోతే మళ్ళీ వస్తాయో రావో! డెబ్బయ్యేళ్ళ డ్యాముకు ఎన్నడూ రాని ఆపద, మాకు సెలవుల ప్రయాణం పెట్టుకొన్న ఏడే వచ్చింది.

"పోరుమామిళ్ళ శాసనంలో మూడో దోషం కూడా వుంది నాన్నా! రెండు రాజ్యాల పొలిమేర!" అంది మా అమ్మాయి. కర్ణాటకంలో డ్యాము, ఆంధ్రంలో కాలువ కొస. నవ్వబోయి నవ్వలేకపోయాము.

ఆ వారం రోజులు మా నాయన దినపత్రిక నా చేతికి రానివ్వలేదు. గేటు చోట ఇనుప పలకలు దించుతున్నారని ఒక రోజు, దిగలేదని ఒక రోజు. పారే నీటిలోనే పలకలు ఒక్కొక్కటే దించి, వారం తిరిగేసరికి ప్రవాహాన్ని ఆపగలిగారు. కొంత నీరు పోయింది గాని, చాలా నీరు దక్కింది. ఎగువన మళ్ళీ వానలు పడి డ్యాము తిరిగి పుంజుకొన్నది. ఆ రోజు మా నాయన పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, "ఎప్పుడప్పా మనం పోయేది?" అన్నారు. అంతకుముందు మేము పోయే ప్రయాణం, ఆ మాటతో మనం పోయే ప్రయాణమయింది.

ఇక దినం నిర్ణయించడం. కావ్యాల్లో శరత్తంటే మబ్బులు తెల్లబడి, ఏళ్ళు తేటపడి, వెన్నెల కాసే ఋతువు. నన్నయగారి రచన ఆరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గరే ఆగిందని పెద్దల మాట. కాని గోదావరి గట్టున కూర్చొని చూసే శరత్తు వేరు, అనంతపురం మెట్టలో చూసే శరత్తు వేరు. మాకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కాస్త గట్టి వానలు. ఆ రెండు నెలలూ ఎండితే ఇక ఏడాదంతా ఎండినట్టే. మబ్బు వేస్తే ప్రయాణం చెడుతుందని పిల్లలు, మబ్బు వేయకపోతే ఏడాది చెడుతుందని తాత. ఇంట్లో ఆకాశాన్ని గురించి రెండు పార్టీలయ్యాయి. చివరికి ఆయుధపూజ, విజయదశమి కాకుండా అంతకు మూడు రోజుల ముందు వెళదామని తీర్మానించాము. పండుగ నాటికి గుడి దగ్గర జనం పెరుగుతారు.

తినడానికేమి తీసుకుపోవాలన్నది మా శ్రీమతి శాఖ. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నం, ఓళిగలు. బయలుదేరే ముందు పచ్చి చెనిక్కాయలు ఉడకబెట్టి గంపలో పోసింది. రెండు బిందెల నీళ్ళు కూడా కారులో పెట్టింది. "జలాశయానికి పోతూ బిందెలేమిటమ్మా!" అని అబ్బాయి నవ్వాడు. కాని ఆమెకు తెలుసు, అక్కడున్న నీళ్ళు చూడడానికే గాని తాగడానికి కావు. వాటిని శుద్ధి చేసి పంపితేనే మన కుళాయికి వస్తాయి.

పొద్దున ఆరింటికి బయలుదేరాము. కూడేరు దాటాక రోడ్డుకు రెండు వైపులా ఎర్రనేల. కొన్ని చేలల్లో చెనిక్కాయ పీకి వామి వేస్తున్నారు. కొన్నింట్లో చెట్టు ఎండి, పీకే కూలి కూడా గిట్టదని గొర్రెలకు వదిలేశారు. మా నాయన ముందు సీట్లో కూర్చొని ఒక్కొక్క చేను చూసి, "ఇది పదును తప్పింది... ఇది ఫర్వాలేదు... ఇది పాయె," అని తీర్పులు చెబుతూ వచ్చారు.

ముందు గుడికి వెళ్ళాము. రాళ్ళ నడుమ పెన్న సన్నగా పారుతోంది. ఇక్కడ స్వామి పాదానికి పూజ. ఆయన ఒక పాదం ఇక్కడ, ఇంకొకటి అహోబిలంలో మోపాడని భక్తులు చెప్పుకొంటారు. మా నాయన చాలాసేపు దణ్ణం పెట్టుకొని, బయటికి వచ్చి, "అంత అడుగేసే దేవుడు మధ్యలో ఇంకో అడుగు మన వూళ్ళో ఏసుంటే బాగుండు," అన్నారు.

అక్కడినుంచి జలాశయం వైపు మళ్ళాము. మట్టిరోడ్డు ఒక మిట్ట ఎక్కగానే అబ్బాయి కేక పెట్టాడు. ఎదుట నీళ్ళు! ఎర్రటి నేల అంచున, అంత దూరమూ, ఆకాశం దించి పరిచినట్టు నీళ్ళు! వాటి నడుమకు సన్నగా, పొడుగ్గా ఒక నేల కొస చొచ్చుకొని పోయింది. ఎర్రటాకుల చెట్టు లేదు. చిన్న ఇల్లూ లేదు. రెండు తుమ్మచెట్లు, కొన్ని రాళ్ళు, మేస్తున్న గొర్రెలు. అయితేనేం, మూడు వైపులా నీళ్ళే.

కారు ఆపి, మా నాయనకు ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి అమ్మాయి పట్టుకొని మెల్లగా నడిచాము. గాలికి నీళ్ళు ఒడ్డుకు వచ్చి చప్పుడు చేస్తున్నాయి. ఒక పుట్టి మీద ఇద్దరు వలలు తీస్తున్నారు. తుమ్మచెట్టు కింద జంపఖానా పరిచాము. నీళ్ళలోకి దిగవద్దని పిల్లలకు ముందే చెప్పాను. జలాశయపు ఒడ్డు చెరువు ఒడ్డులాంటిది కాదు. నాలుగడుగుల్లో పాత వంక పల్లం తగిలితే లోతు తెలియదు. బురద కాలు వదలదు. మీరెప్పుడైనా వెళితే ఈ మాట గుర్తుంచుకోండి. అలాగే మీరు తిన్న ఆకులు, కాగితాలు మీతోనే తెచ్చేయండి. అది వూళ్ళు తాగే నీరు.

భోజనాలయ్యాయి. ఓళిగలు అయిపోయాయి. ఇంతసేపూ మా నాయన నీళ్ళ వైపు చూడలేదు. కింద నేల వైపే చూస్తున్నారు. కర్రతో రాళ్ళు కదిలిస్తున్నారు.

"ఏం నాయనా, నచ్చలేదా?" అన్నాను.

"ఇది సూడు," అన్నారు.

మేము కూర్చున్న చోటు నుంచి రాళ్ళ వరస ఒకటి నేరుగా ఒడ్డు దాకా దిగి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తేటగా వున్న చోట నీటి అడుగున కూడా ఒక బారెడు దూరం కనిపిస్తోంది.

"గెనిమ. ఎవురో సేను కట్టుకున్న గెనిమ. ఒక్కొక్క రాయీ సేన్లోంచి ఏరి పెట్టినాడు. ఈ పక్కది వాళ్ళ నాయన పెట్టింటాడు, ఆ పక్కది కొడుకు. మిట్ట సేను గాబట్టి ఈ మాత్రం మిగిలింది. పల్లం సేను అడుగున పాయె," అన్నారు.

ఎవరమూ మాట్లాడలేదు. ద్వీపకల్పమని మేము వెతుక్కుంటూ వచ్చినది ఒక రైతు చేను. అతడు పల్లం వదులుకొన్నాడు గనకనే మా కుళాయి తిరుగుతోంది. పోరుమామిళ్ళ శాసనం చెక్కించినవాడు ఇది చూస్తే ఏ దోషమని రాసేవాడో!

మా శ్రీమతి నెమ్మదిగా, "పాపం, ఎక్కడున్నారో ఇప్పుడు వాళ్ళు," అంది.

"యాడో వుంటారు. సేద్యం సేసినోడు యాడున్నా వాన దిక్కే సూస్తావుంటాడు," అన్నారు మా నాయన. ఆ తరువాత మొదటిసారిగా తలెత్తి నీళ్ళ వైపు చూశారు. చాలాసేపు చూశారు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని, ఆ కొసనుంచి ఈ కొసదాకా, చేను కొలిచినట్టు చూశారు.

"బో నీళ్ళప్పా!" అన్నారు. అంతే. ఆ రెండు మాటల కోసమే మేము రెండు నెలలు లెక్కలు వేసినట్టనిపించింది నాకు.

అబ్బాయి ఒడ్డు వెంట నడిచి వచ్చి, "తాతా! ఇక్కడ గీతలు గీతలుగా వుంది, చూడు," అన్నాడు. నీటి అంచుకు పైన తడి మట్టి మీద పుల్లలూ నురుగూ ఎండి, ఒకదాని కింద ఒకటిగా మూడు చారలు కట్టి వున్నాయి.

"అవి నీళ్ళు దిగిన మెట్లు. పై చార దాకా వుండె. దిగింది, నిలిచింది. మళ్ళా దిగింది, నిలిచింది. కాలువలో నీళ్ళొస్తే ఎక్కుతుంది, రాకుంటే దిగుతుంది," అని తాత వివరించారు.

"అయితే సంక్రాంతికి వస్తే?"

"ఎక్కితే ఈ సన్నపు దోవ మునుగుతుంది. నువ్వు సెప్పే ద్వీపకల్పం దీవి అయిపోతుంది. శానా దిగితే గుట్ట అయిపోతుంది. ఇట్లా వుండేది ఈ నాలుగు దినాలే."

భూగోళ పుస్తకంలో ద్వీపకల్పానికి నిర్వచనం ఒక్క వాక్యం. అది ఎన్నాళ్ళుంటుందో ఏ పుస్తకమూ రాయదు. మా గడ్డ మీద అది తేదీ వేసి చెప్పవలసిన సంగతి. 2024 అక్టోబరు రెండో వారంలో, పెన్నహోబిలం జలాశయం ఒడ్డున ఒక ద్వీపకల్పం వుండింది. మేము అయిదుగురమూ దాని మీద కూర్చొని చెనిక్కాయలు వొలుచుకొని తిన్నాము. అంతవరకే నేను సాక్ష్యం చెప్పగలను.

బయలుదేరే ముందు అమ్మాయి నీటి అంచున రాళ్ళు పేర్చసాగింది. గెనిమ రాళ్ళు ముట్టుకోవద్దని తాత ముందే హెచ్చరించారు. చెదురుగా పడివున్నవే ఏరి తెచ్చి, మోకాలెత్తు గుర్తు పెట్టింది. మా నాయన కర్ర పక్కన పెట్టి, కూర్చొనే నాలుగు రాళ్ళు అందించారు. పైన చదునుగా వున్న రాయిని మాత్రం తానే పెట్టారు.

"ఇదేమిటే?" అంది వాళ్ళమ్మ.

"గంగమ్మ రాయి. నేను పుణే నుంచి అడుగుతాను. మునిగిందా, పాదాలు తడిశాయా, పొడిగా వుందా, చెప్పండి," అంది.

దీపావళి వెళ్ళింది. అమ్మాయి రైలెక్కింది. స్టేషనులో ఏడుస్తుందేమోనని వాళ్ళమ్మ భయపడింది గాని, ఏడ్చింది వాళ్ళమ్మే. తరువాతి ఆదివారం ఫోను చేసినప్పుడు, తిన్నావా, నిద్ర పోతున్నావా అని మేమడిగే ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, ఫోను తాతకిమ్మంది.

మా నాయనకు చెవి కొంచెం మందం. అందువల్ల ఆయన మాటలు ఇల్లంతా వినిపించాయి.

"తెలీదమ్మా. వచ్చే ఆదివారం పోయి సూసొచ్చి సెప్తా. మీ నాయనకు సెలవే గదా!"

మా శ్రీమతి అప్పటికే కాగితం, కలం కోసం వెతుకుతోంది.